ఒపాసిటీ తగ్గిస్తే బొమ్మ మొత్తం వెలిసిపోతోంది, కావలసిన చోట మాత్రమే పారదర్శకంగా చేయడం ఎలా?

కొత్తబ్రష్:

అందరికీ నమస్తే. రెండు రోజులుగా ఒక్క బొమ్మ దగ్గర ఇరుక్కుపోయాను, ఎవరైనా దారి చూపిస్తారేమో అని రాస్తున్నా. నా దగ్గర రెండు ఫోటోలున్నాయి. ఒకటి పక్కకి తిరిగిన ముఖం, వెనకాల తెల్ల గోడ. రెండోది ఆకులు రాలిన చెట్టు, పొగమంచులో తీసింది. కళ్ళు, ముక్కు ఉన్న వైపు ముఖం మామూలుగా కనిపించాలి, తల వెనక్కి వెళ్ళేకొద్దీ మెల్లగా కరిగిపోయి జుట్టు కొమ్మల్లో కలిసిపోవాలి. ఇలాంటివి మీరు చూసే ఉంటారు.

ఫోటోలు ఎడిట్ చేసే గింప్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా. ముందు ముఖం ఫోటో తెరిచి ఎరేజర్‌తో గోడని తుడిచాను. తుడిచిన చోట పారదర్శకమైందని చూపించే గళ్ళు రావాలి కదా, తెల్లగా వచ్చింది. అసలే తెల్ల గోడ కాబట్టి పని జరిగిందో లేదో కూడా తెలియలేదు, చెట్టుని కింద ఇంకో పొరగా, అంటే లేయర్‌గా పెట్టాక గానీ అర్థం కాలేదు నేను తుడిచింది ఏమీ లేదని. సరే అని ముఖం లేయర్ ఒపాసిటీ, అంటే అది ఎంత కనిపించాలనే శాతం, 50కి దించాను. చెట్టు కనిపించింది గానీ ముక్కు మీద కూడా కొమ్మలు మొలిచాయి. 80కి పెంచితే చెట్టు లేదు, 30కి దించితే మనిషి లేడు. విసుగొచ్చి ఒక ఆన్‌లైన్ టూల్‌లో బ్యాక్‌గ్రౌండ్ తీయించాను, అక్కడ గళ్ళు కనిపించాయి, సంతోషంగా జేపీజీగా సేవ్ చేసుకున్నా, మర్నాడు తెరిస్తే మళ్ళీ తెల్ల గోడే. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గళ్ళచొక్కా:

మీరు ఒక తప్పు కాదు, సంబంధం లేని మూడు తప్పులు చేశారు, అందుకే తికమక. మొదటిదీ చివరిదీ నేను చెప్తాను, మధ్యలోది ఎవరైనా అందుకోండి.

ఎరేజర్ తెల్లగా ఎందుకు వచ్చిందంటే, జేపీజీ తెరిచినప్పుడు ఆ లేయర్‌కి ఆల్ఫా ఛానెల్ ఉండదు. ఆల్ఫా అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల పక్కన ప్రతి పిక్సెల్‌కీ ఉండే నాలుగో అంకె, అది ఎంత కనిపించాలో చెప్పేది. ఆ అంకె రాసుకునే చోటే లేనప్పుడు ఎరేజర్ పాపం ఏం చేస్తుంది, మీ బ్యాక్‌గ్రౌండ్ రంగు ఏదుంటే దాన్ని పూస్తుంది. మీకది తెలుపు. డిలీట్ కీ నొక్కినా అంతే. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీలోకి వెళ్ళి యాడ్ ఆల్ఫా ఛానెల్ నొక్కండి, ఇక తుడిస్తే గళ్ళు వస్తాయి. ఆల్ఫా ఉందో లేదో ఒక్క చూపులో కనిపెట్టొచ్చు: లేయర్ల జాబితాలో పేరు లావు అక్షరాల్లో ఉంటే ఆల్ఫా లేనట్టు. ఈ చిన్న గుర్తు నాకు తెలిసేసరికి ఏడాది పట్టింది.

ఇక జేపీజీ. ఆ ఫార్మాట్‌లో పారదర్శకతకి చోటే లేదు, సేవ్ చేసేటప్పుడు ఖాళీలన్నీ ఏదో ఒక రంగుతో నింపేస్తుంది, ఎక్కువసార్లు తెలుపే. ఆ తర్వాత దాన్ని పీఎన్‌జీగా మార్చినా పోయింది తిరిగి రాదు. పని జరుగుతున్నంతసేపూ గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేసుకోండి, లేయర్లన్నీ విడివిడిగా ఉంటాయి, అయిపోయాక పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. వెబ్‌పీ అయినా పర్వాలేదు. జిఫ్ వద్దు, అందులో పిక్సెల్ ఉంటే పూర్తిగా ఉంటుంది లేకపోతే పూర్తిగా పోతుంది, మధ్యస్థం లేదు, మీరు అడిగే మెల్లగా కరగడం దానివల్ల కాదు. మామూలు పీఎన్‌జీలో ఆల్ఫాకి 256 మెట్లుంటాయి, అది చాలు. ఇంకోటి, చాట్ యాప్‌లో ఫోటోగా పంపితే చాలావరకు జేపీజీగా మారిపోతుంది, ఫైల్‌గా పంపండి.

గళ్ళ మాట వచ్చింది కాబట్టి, ఇంటర్నెట్‌లో ట్రాన్స్‌పరెంట్ అని రాసి పెట్టిన బొమ్మలు దించుకుని తెరిస్తే ఆ గళ్ళు కూడా బొమ్మలో భాగంగా అచ్చయి ఉండటం ఎప్పుడైనా చూశారా? దానికి మాత్రం ఏ మందూ లేదు.

పొరపాటు:

మధ్యలోది నేను అందుకుంటా, అసలు విషయం అక్కడే ఉంది. ఒపాసిటీ స్లైడర్‌కి తెలిసింది ఒక్కటే, ఎంత. లేయర్ మొత్తానికీ అదే ఎంత. మీకు కావలసింది ఎక్కడ. ఆ ఎక్కడ అన్నది చెప్పేది లేయర్ మాస్క్. మీరు స్లైడర్‌ని 30కీ 80కీ మధ్య ఎంత అటూ ఇటూ జరిపినా ముక్కుకీ జుట్టుకీ తేడా దానికి తెలియదు కాబట్టి ఆ దారిలో వెళ్ళడం దండగ.

మాస్క్ అంటే లేయర్ మీద వేసిన ఒక నలుపు తెలుపు బొమ్మ అనుకోండి. అందులో తెల్లగా ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట మాయమవుతుంది, బూడిద రంగున్నచోట సగం సగం. మీ అసలు ఫోటో పిక్సెల్ ఒక్కటి కూడా చెరగదు.

మీ బొమ్మకి ఇలా చేయండి. ముఖం లేయర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ లేయర్ మాస్క్, అందులో వైట్ ఎంచుకోండి. ఇప్పుడు ఏమీ మారినట్టు కనిపించదు, మాస్క్ అంతా తెలుపు కదా. కీబోర్డ్ మీద డి నొక్కితే రంగులు నలుపు, తెలుపు అవుతాయి. ఒక రంగుని మెల్లగా ఇంకో రంగులోకి మార్చే గ్రేడియంట్ టూల్ తీసుకుని తల వెనక ఎక్కడైతే పూర్తిగా మాయమవ్వాలో అక్కడ మొదలుపెట్టి చెవి ముందు దాకా లాగండి. అంతే, కరిగిపోవడం వచ్చేసింది. 2.10 వెర్షన్ నుంచి ఎంటర్ కొట్టేదాకా ఆ గీత రెండు కొసల్నీ పట్టుకుని జరుపుకోవచ్చు కాబట్టి తొందర లేదు, నచ్చేదాకా ఆడుకోండి. ఆ తర్వాత మెత్తటి అంచున్న పెద్ద బ్రష్‌తో నలుపు తీసుకుని మిగిలిన గోడ మీద పూయండి, ఎక్కువ పూసేస్తే ఎక్స్ నొక్కి తెలుపుకి మారి వెనక్కి తెచ్చుకోండి.

ఈ వరస తిరగేయొద్దు. ముందు బ్రష్‌తో గంటసేపు గోడ కత్తిరించి, తర్వాత గ్రేడియంట్ లాగారంటే మీరు పూసిందంతా దాని కింద కొట్టుకుపోతుంది. ఈ పేరు పెట్టుకున్నందుకు నేను చేయని పొరపాటు లేదు, ఇది రెండుసార్లు చేశాను. మీరు ఇప్పటికే కత్తిరించేసి ఉంటే ఆ లేయర్‌ని ఒక గ్రూప్‌లో పెట్టి గ్రేడియంట్ మాస్క్‌ని గ్రూప్‌కి వేయండి, రెండు మాస్కులూ వేటి పని అవి చేసుకుంటాయి.

ఇంకో మాట. లేయర్ పక్కన రెండు చిన్న బొమ్మలుంటాయి, ఫోటోది, మాస్క్‌ది. ఏది క్లిక్ చేస్తే బ్రష్ దాని మీద పనిచేస్తుంది. మాస్క్ మీద ఉన్నాననుకుని ఫోటో మీద నలుపు పూయడం ప్రతివాళ్ళకీ జరుగుతుంది. గింప్‌లో మాస్క్ మీద ఉన్నప్పుడు లేయర్ చుట్టూ గీత ఆకుపచ్చగా మారుతుంది, దాన్ని చూస్తూ ఉండండి.

అర్ధరాత్రి_ఎడిటర్:

ఒక్క బొమ్మకి ఇంత హడావిడి ఎందుకండీ. ఆల్ఫా పెట్టుకున్నాక ఎరేజర్ ఒపాసిటీ 20కి దించి, మెత్తటి బ్రష్‌తో నాలుగుసార్లు రాస్తే అదే కరిగిపోవడం వస్తుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తా, రెండు నిమిషాల పని. తుడిచింది తిరిగి కావాలంటే ఆల్ట్ పట్టుకుని అదే ఎరేజర్‌తో రాయండి, గింప్ వెనక్కి తెస్తుంది. మాస్కులు, గ్రూపులు అన్నీ పెద్ద పనులకి.

పొరపాటు:

ఆల్ట్ ఎరేజర్ సంగతి నిజమే, చాలామందికి తెలియదు. ఆ రంగు ఫైల్‌లోనే ఉంటుంది, ఆల్ఫా మాత్రమే సున్నా అవుతుంది, అందుకే వెనక్కి వస్తుంది. కానీ అది గింప్‌లో నడిచే కిటుకు, వేరే సాఫ్ట్‌వేర్‌లో ఇదే అలవాటుతో తుడిస్తే పని అయిపోయినట్టే. పైగా 20 చొప్పున రాసిన చోట ఎన్నిసార్లు రాశామో గుర్తుండదు, మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. మాస్క్ అయితే ఆల్ట్ పట్టుకుని దాని మీద క్లిక్ చేస్తే ఆ నలుపు తెలుపు బొమ్మే తెర మీదకి వస్తుంది, ఎక్కడ మచ్చ ఉందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. ఫోటోషాప్‌లోనూ అంతే.

మీ మాటతో ఇంకో సంగతి గుర్తొచ్చింది, ఇది అందరికీ. తుడిచిన రంగు ఫైల్‌లో ఉంటుందన్నాను కదా, పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్ చేసే డబ్బాలో పారదర్శక పిక్సెల్స్ రంగు విలువలు సేవ్ చేయాలా అని ఒక టిక్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు తుడిచేశామనుకున్నది కంటికి కనిపించకుండా ఫైల్‌లోనే ఉండిపోతుంది. ఫోన్ నంబరో చిరునామానో తుడిచి పంపేవాళ్ళు ఆ టిక్ తీసేయండి, అంతకన్నా దాని మీద నల్ల డబ్బా గీసి అంతా ఒకే లేయర్ చేసి పంపడం మంచిది.

కొత్తబ్రష్:

అబ్బ, గ్రేడియంట్ లాగిన క్షణం ఉంది చూడండి, కుర్చీలోంచి లేచాను! రెండు రోజులు స్లైడర్‌తో కుస్తీ పట్టాను, పది సెకన్లలో అయిపోయింది. అందరికీ థాంక్స్.

ఇప్పుడు కొత్త గొడవలు రెండు. నుదుటి పైన జుట్టు చుట్టూ తెల్లటి గీత కనిపిస్తోంది, గోడ అంచు అనుకుంటా, బ్రష్‌తో తుడవబోతే జుట్టు కూడా పోతోంది. రెండోది, ఒక పక్షి బొమ్మ కత్తిరించి మూడు కాపీలు కొమ్మల మీద ఎగురుతున్నట్టు పెట్టాను, మూడిటికీ ఒపాసిటీ 50. రెక్క మీద రెక్క పడ్డచోట ముదురు మచ్చలా వస్తోంది. అన్నీ 50లోనే ఉన్నాయి కదా, అక్కడ ఎక్కువెలా అయింది?

లెక్కలపిచ్చి:

పక్షుల ప్రశ్నకి నేను చెప్తా. 50 మీద 50 పడితే 50 కాదు, 100 కూడా కాదు, 75. పైన ఉన్న రెక్క సగం ఆపేసింది, మిగిలిన సగం కింద రెక్కకి చేరింది, అది అందులో సగం ఆపింది, అంటే పావు వంతు. సగం ప్లస్ పావు, 75 శాతం. మూడో రెక్క కూడా అక్కడే పడితే 87.5. ఇలా ఎన్ని వేసినా 100కి దగ్గరవుతుంది గానీ చేరదు. లెక్క ఇంతే: పై రంగుని ఆల్ఫాతో గుణించు, కింది రంగుని ఒకటిలోంచి ఆల్ఫా తీసేసినదానితో గుణించు, రెండూ కలుపు. ఆల్ఫా ఛానెల్ అనే పేరు ఈ సూత్రంలో రాసే గ్రీకు అక్షరం నుంచే వచ్చింది, 1970ల చివర్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ పెట్టిన పేరు.

మందు సులువు. మూడు పక్షులకీ ఒపాసిటీ 100 పెట్టండి, మూడిటినీ ఒక లేయర్ గ్రూప్‌లో వేసి ఆ గ్రూప్ ఒపాసిటీ 50 చేయండి. ముందు మూడూ కలిసి ఒక బొమ్మ అవుతాయి, ఆ తర్వాత ఆ ఒక్క బొమ్మ పలచబడుతుంది, రెక్కలు ఒకదాన్లోంచి ఒకటి కనిపించవు.

ఇదే లెక్కతో ఇంకో ఉపయోగం. మూడు ఫోటోల్ని సమానంగా కలపాలంటే అందరూ మూడిటికీ 33 పెడతారు, అప్పుడు వెనకాల గళ్ళు తొంగి చూస్తాయి. అడుగుది 100, మధ్యది 50, పైది 33 పెట్టండి. పైది మూడో వంతు తీసుకుంటుంది, మిగిలిన రెండు వంతుల్ని కిందివి చెరి సగం పంచుకుంటాయి. నాలుగైతే పైన 25 చేరుతుంది.

గళ్ళచొక్కా:

జుట్టు గీత గురించి. అంచులో ఉన్న వెంట్రుక పిక్సెల్ నిజానికి వెంట్రుక కాదు, సగం వెంట్రుక సగం గోడ కలిసిపోయిన రంగు. దాన్ని చీకటి కొమ్మల మీద పెడితే ఆ గోడ సగం మెరుస్తుంది. తుడిస్తే రెండూ పోతాయి, అందుకే బ్రష్‌తో గెలవలేరు.

మీ అదృష్టం ఏంటంటే గోడ తెల్లది. ముఖం లేయర్‌కి ఒక కాపీ తీసి దాని కిందే పెట్టండి, మోడ్ నార్మల్ బదులు మల్టిప్లై చేయండి. మల్టిప్లైలో తెలుపు ఉన్నచోట కింది బొమ్మ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, నల్ల వెంట్రుకలు మాత్రం మిగులుతాయి, సన్నటి కొసలతో సహా. గోడ పూర్తి తెలుపు కాక కాస్త బూడిదగా ఉంటుంది కాబట్టి ఆ కాపీ మీద వెలుగు నీడల్ని సర్దే లెవెల్స్ తెరిచి తెల్ల ముల్లుని ఎడమకి జరపండి, గోడ మాయమయ్యేదాకా. తర్వాత కాపీ మాస్క్‌ని నల్లగా నింపేసి, జుట్టు అంచుల్లో మాత్రమే తెల్ల బ్రష్‌తో తెరవండి. పైన ఉన్న అసలు లేయర్ మాస్క్‌ని అంచులో కాస్త లోపలికి తినేయండి, గీత పోతుంది, వెంట్రుకలు కింద కాపీలోంచి వస్తాయి. వినడానికి పెద్దగా ఉంది గానీ పది నిమిషాల పని.

గోడ తెల్లది కాకపోయి ఉంటే ఇది నడవదు. ఫోటోషాప్ వాళ్ళకి లేయర్ మెనూలో మ్యాటింగ్ కింద డీఫ్రింజ్ అని ఉంది, జుట్టుకి అంత గొప్పగా ఉండదు గానీ గట్టి అంచులకి పర్వాలేదు.

ఒక హెచ్చరిక. మల్టిప్లైతో తెలుపు మాయమైనట్టు కనిపించేది కింద ఇంకో లేయర్ ఉన్నంతసేపే. ఆ లేయర్ ఒక్కదాన్నే పీఎన్‌జీ చేస్తే తెలుపు అక్కడే ఉంటుంది. కాగితం మీద ఇంకుతో గీసిన బొమ్మకో సంతకానికో నిజంగా తెలుపు తీసేయాలంటే కలర్స్ మెనూలో కలర్ టు ఆల్ఫా వాడండి, గీత పలచగా ఉన్నచోట పారదర్శకత కూడా దానికి తగ్గట్టే వస్తుంది. ముఖం ఫోటో మీద మాత్రం ప్రయోగించొద్దు, బుగ్గల్లోని వెలుగు కూడా పోయి దెయ్యంలా తయారవుతుంది.

షార్ట్‌కట్‌రాజు:

మధ్యలో దూరుతున్నా, నాది ఫోటోషాప్. గింప్‌లో చేసిన దాన్నే అందులో చేస్తున్నాను, రెండిట్లోనూ తెలుపు మీద నలుపు లేయర్ 50 శాతం పెడితే బూడిద రంగు వేరువేరుగా వస్తోంది. గింప్‌లో లేతగా ఉంది. కళ్ళు చెడ్డాయా?

కొత్తవాళ్ళకి ఊరికే చెప్తున్నా, ఫోటోషాప్‌లో తెరవగానే బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌కి తాళం ఉంటుంది, దాని మీద డబుల్ క్లిక్ చేసి మామూలు లేయర్ చేస్తే తప్ప ఒపాసిటీ కదలదు. మూవ్ టూల్ మీద ఉండి 5 కొడితే 50 శాతం, 4, 5 వెంటవెంటనే కొడితే 45, 0 కొడితే 100. బ్రష్ చేతిలో ఉన్నప్పుడు అదే అంకె బ్రష్ ఒపాసిటీని మారుస్తుంది, అక్కడే చాలామంది తిట్టుకుంటారు. ఒపాసిటీ కింద ఫిల్ అని ఇంకో స్లైడర్ ఉంది, అది బొమ్మని పలచన చేస్తుంది గానీ లేయర్‌కి వేసిన నీడ, అంచు గీతల్లాంటి స్టైల్స్‌ని ముట్టుకోదు. అక్షరాలు మాయమై వాటి నీడ మాత్రం మిగలాలంటే ఫిల్ సున్నా చేయండి, వాటర్‌మార్క్‌కి నేను అదే వాడతా.

లెక్కలపిచ్చి:

కళ్ళు బాగానే ఉన్నాయి. ఫోటోషాప్ మామూలు సెట్టింగ్స్‌లో ఫైల్‌లో ఉన్న అంకెల్నే సగం చేస్తుంది, 0 (నలుపు)కీ 255 (తెలుపు)కీ మధ్య అంటే 128 దగ్గర. 2018లో వచ్చిన గింప్ 2.10 నుంచి నార్మల్ మోడ్ ఆ అంకెల్ని ముందు నిజమైన కాంతి పరిమాణంలోకి మార్చి అక్కడ సగం చేసి వెనక్కి తెస్తుంది, అది 188 దగ్గర వస్తుంది. రెండూ 50 శాతమే, దేంట్లో సగం అన్నది తేడా. కాంతి లెక్కే సరైనది అని నా అభిప్రాయం, కానీ ఎవరైనా ఫోటోషాప్‌లో చేసిన దానితో సరిపోవాలంటే గింప్‌లో మోడ్ జాబితా పక్కన చిన్న బాణం ఉంటుంది, అది నొక్కి లెగసీ (పాత పద్ధతి) మోడ్‌లకి మారి అందులోని నార్మల్ ఎంచుకోండి.

అర్ధరాత్రి_ఎడిటర్:

సరే, ఒప్పుకుంటున్నా, నా పాత ఫైల్‌లో తుడిచిన చోటు మళ్ళీ చూశాను. నిజంగానే మచ్చలే.

కొత్తబ్రష్:

మల్టిప్లై కాపీ పనిచేసింది. గోడ ఒక మూల నీడగా ఉండి అక్కడ మొండికేసింది, లెవెల్స్ ఎక్కువ జరిపితే సన్న వెంట్రుకలు పోతున్నాయి, ఆ మూలని మాస్క్‌లో మూసేశాను, ఎవరూ కనిపెట్టలేరు. పక్షులు గ్రూప్‌లోకి వెళ్ళాయి. ఎక్స్‌సీఎఫ్ ఒకటి, పీఎన్‌జీ ఒకటి దాచుకున్నా. చివర్లో చెట్టు లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాన్ని కనిపించకుండా చేసి ముఖం ఒక్కటే పీఎన్‌జీ చేసి తెరిచి చూశాను, తల వెనక గళ్ళు కనిపిస్తున్నాయి, దగ్గరికి లాగి కూడా చూశా, నిజం గళ్ళే.